అడగని బాకీ

మొదటి సెమిస్టరంతా
నేను చదివిందంటూ ఏమీ లేదు, రంగు పూశానంతే.
శుక్రవారం గడపకి రాసినట్టు
ప్రతి పేజీకీ పసుపుపచ్చ హైలైటర్ రాశాను.
డిమాండు రేఖ పసుపు, దాని కింద ఫుట్‌నోటు పసుపు,
ఒకచోట పేజీ నంబరు కూడా.
ఇంటర్నల్స్‌లో ముప్పైకి తొమ్మిది.

లైబ్రరీలో కిటికీ పక్క బల్ల మాది.
చెట్ల సందులోంచి సముద్రం
జేబురుమాలంత కనబడుతుంది.
ఎదురుగా కూచునే గెమ్మెలి దేవమ్మ
పాడేరుకి అవతలి కొండల్నుంచి వచ్చింది.
దానికి హైలైటర్ లేదు.
ఒక పేజీ చదువుతుంది, పుస్తకం మూసేస్తుంది,
గోడకేసి చూస్తూ తన భాషలో ఏదో గొణుక్కుంటుంది,
చీటీ మీద మూడు ముక్కలు రాస్తుంది.
దండం పెట్టుకుంటోందేమో అనుకున్నాను చాన్నాళ్లు.

ఒక మధ్యాహ్నం నా పుస్తకం లాక్కుని మూసేసి
"ఇప్పుడు చెప్పు" అంది.
"ఏం చెప్పను?"
"ఇంతసేపూ చదివింది."
నోరు తెరిచాను.
ఎక్కడుందో తెలుసు: కుడివైపు, కింద, బొమ్మకి పైన.
ఏముందో తెలీదు.
"చూస్తే గుర్తుపడతావు, అంతే.
మీ వీధిలో పోస్టుమేన్ని గుర్తుపడతావు కదా,
అతని ఇంట్లో ఏం వండారో తెలుసా?" అని
తన టిఫిను డబ్బా మూత తీసుకుంది.

ఆ సాయంత్రం పెదజాలరిపేటలో
మా అమ్మ ఖాళీ గంప బోర్లించి దాని మీద కూచుని
కాళ్లు కడుక్కుంటూ బాకీలు వల్లిస్తోంది.
"లాసన్స్ బే మేడమీద మేస్టారమ్మ, వంజరం, నూటిరవై.
ఎంవీపీ సెక్టార్ ఆరు, కుక్కున్న ఇల్లు, ఎనభై.
వాచ్‌మేన్ నరసింగు పాతది నలభై, ఈయేళ్ది ముప్పై..."
పుట్టినప్పట్నుంచీ చెవిన పడుతున్నదే.
ఆ రోజే విన్నాను.

"అన్నీ ఎలగ గుర్తుంటాయే అమ్మా?"
"ఉండవే గుంటా, మరిసిపోతాను.
మరిసిపోయేలోపు ఓపాలి అడుగుతాను.
ఈయేళ రేత్రి నన్ను నేనే అడుగుతాను.
తెల్లారగట్ల హార్బరుకెళ్తా ఆటోలో అడుగుతాను.
మళ్లీ లచ్చివారం.
అడగని బాకీ ఆళ్లకీ గుర్తుండదు, మనకీ గుర్తుండదు."
"రాసుకోవచ్చు కదా?"
"రాసీసుకుంటే బుర్ర నిద్దరోద్ది."
నా పసుపు పేజీలన్నీ
గుర్రుపెట్టి పడుకున్నట్టు వినిపించింది.

మర్నాడు హైలైటర్ తమ్ముడికిచ్చేశాను,
వాడు దాంతో వెనక గోడ మీద వికెట్లు గీశాడు.
నేనూ ఒక పేజీ చదివి, మూసి, గోడ చూశాను.
మొదటి వారం గోడే కనబడింది,
దాని మీద సున్నం పెచ్చులు, ఒక బల్లి.
రెండో వారం
వ్యాకోచత్వం అన్న మాట దగ్గర ఇరుక్కుపోయి
మూడుసార్లు మూసి మూడుసార్లు తెరిచి
చివరికి మార్జిన్‌లో పెన్సిల్‌తో రాసుకున్నాను:
తుఫాను హెచ్చరిక పడి వంజరం ధర పెరిగితే
మేస్టారమ్మ చప్పున కవ్వళ్లకి దిగిపోద్ది,
కుక్కున్న ఇల్లు దిగదు.
దేవమ్మ అది చదివి పెద్దగా నవ్వేసింది.
లైబ్రేరియన్ కళ్లద్దాల పైనుంచి చూశాడు.

అన్నీ ఇంత తేలిగ్గా దిగలేదు.
గణాంకాలు ఇప్పటికీ చేతిలోంచి జారే పాంప్లెట్ చేపలే.
రెండో ఇంటర్నల్స్‌లో పదహారు,
అందులో రెండు మార్కులు సారు కూడికలో పొరపాటు,
వెళ్లి చెప్పలేదు.
కానీ క్లాసులో ఒకసారి చెయ్యెత్తాను,
"సార్, అర్థం కాలేదు" అన్నాను,
ముందు బెంచీలు మూడు వెనక్కి తిరిగి
మాకూ కాలేదన్నట్టు చూశాయి.

రాత్రి చాప మీద
అమ్మ అటు తిరిగి బాకీలు అడుగుతూ ఉంటుంది,
నేనిటు తిరిగి ఐదో అధ్యాయం అడుగుతూ ఉంటాను.
కెరటాల చప్పుడులో రెండు పద్దులూ కలిసిపోతాయి.
నిన్న కలలో వాచ్‌మేన్ నరసింగు
ఉపాంత ప్రయోజనం నిర్వచనం నాకు బాకీ పడ్డాడు,
పాతది నలభై మాటలు,
లచ్చివారం ఇచ్చేస్తానన్నాడు.
తెల్లారగట్ల లేచి అడగాలి.